తమ్ముడికి హిమాచల్ హైడల్ ప్రాజెక్టులో ఉద్యోగం, అమ్మ వద్దంటోంది – తెలిసినవాళ్లు చెప్పండి

కావలి కుర్రోడు – ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు సివిల్ డిప్లొమా చేసి రెండేళ్లుగా హైవే పనుల్లో ఉన్నాడు. ఇప్పుడు హిమాచల్‌లో కడుతున్న ఒక జలవిద్యుత్ ప్రాజెక్టుకి సూపర్‌వైజర్‌గా రమ్మన్నారు. జీతం ఇక్కడికి దాదాపు రెట్టింపు. తిండి, రూము వాళ్లవే. వచ్చే నెల చేరాలి.

అమ్మ ససేమిరా అంటోంది. పక్కింటావిడ ఫోన్‌లో సిక్కింలో డ్యామ్ కొట్టుకుపోయిన వీడియో చూపించింది. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం సహించడం లేదు ఎవరికీ. అక్కడ ఆకస్మిక వరదలు అంత తరచుగా వస్తాయా? డ్యామ్ దగ్గర పనిచేసేవాడికి ముందు తెలుస్తుందా, తెలియదా? భయపెట్టొద్దు, అలాగని తగ్గించీ చెప్పొద్దు.

ఒంగోలు గిత్త – ఆదివారం, రాత్రి 9:58

పంపించొద్దు బ్రదర్. ఆ కొండల్లో డ్యాములు కట్టడమే తప్పు. కట్టినవాళ్లు బాగానే ఉంటారు, పోయేది కూలీలు, సూపర్‌వైజర్లు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో ఏం జరిగిందో చూడు. 200 మందికి పైగా పోయారు. చాలామంది శవాలు కూడా దొరకలేదు.

పెన్న గట్టు – ఆదివారం, రాత్రి 10:21

హిమాలయాల దాకా ఎందుకన్నా, నెల్లూరు పక్కన మన పడుగుపాడు చాలదా. 2021 నవంబర్‌లో మా చేను మీద నుంచి పెన్న పోయింది. ఏడాదిలో పది నెలలు ఇసుక తప్ప ఏమీ కనపడని ఏరు అది. పిల్లలు అందులో క్రికెట్ ఆడుకుంటారు. ఆ శనివారం రాత్రి పైనున్న సోమశిల డ్యామ్ నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారన్నారు. లెక్క మాకు అర్థం కాలేదు కానీ శబ్దం అర్థమైంది. తెల్లారేసరికి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి, కింద కట్ట లేదు. హైవే తెగింది. విజయవాడ నుంచి చెన్నై పోయే బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

నా మూడెకరాల్లో రెండడుగుల ఇసుక మేట వేసింది. పరిహారం సంగతి అడగొద్దు, ఆ ఆఫీసు చుట్టూ తిరిగిన చెప్పులు ఇంకా మా వసారాలో ఉన్నాయి.

కాబట్టి మీ అమ్మ భయం ఉత్తది కాదు. కానీ ఇక్కడే ఉంటే నీళ్లు రావని గ్యారంటీ ఉందా అంటే, అదీ లేదు.

కరెంటు బాబాయి – సోమవారం, ఉదయం 6:15

నేను జలవిద్యుత్ కేంద్రాల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మార్కాపురంలో ఉంటున్నాను. తీరుబడిగా చెబుతాను, టీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక సంగతి. మన శ్రీశైలం, సాగర్ లాంటివి మనసులో పెట్టుకుని హిమాచల్ ప్రాజెక్టుని ఊహించుకోకండి. మనవి సముద్రాల్లాంటివి. అక్కడ ఎక్కువ ప్రాజెక్టుల్లో పెద్ద జలాశయం ఉండదు. ఏటికి అడ్డంగా చిన్న బ్యారేజీ కట్టి, నీళ్లను కొండలోపలి సొరంగంలోకి మళ్లించి, కొన్ని కిలోమీటర్ల కింద ఉన్న పవర్‌హౌస్‌లో టర్బైన్ మీదికి వదులుతారు. నిల్వ తక్కువ కాబట్టి ముంపు తక్కువ, అది మంచిదే. కానీ పైనుంచి ఒక్కసారిగా వరద వస్తే ఆపుకోవడానికి ఖాళీ కూడా ఉండదు. వచ్చింది వచ్చినట్టు గేట్ల కింద నుంచి పంపించాల్సిందే.

రెండోది చాలామందికి తెలియదు. వరదలో కరెంటు పెరుగుతుందనుకుంటారు. పెద్ద వరదలో తగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. టర్బైన్‌కి కావాల్సింది నీళ్ల పరిమాణం ఒక్కటే కాదు, పైమట్టానికీ కిందిమట్టానికీ మధ్య తేడా. వరదొస్తే డ్యామ్ కింద ఏరు కూడా లేస్తుంది, ఆ తేడా తగ్గిపోతుంది. పైగా ఆ నీళ్లు నీళ్లు కావు, బురదా ఇసుకా. హిమాలయాల ఇసుకలో గట్టి స్ఫటిక రేణువులు ఉంటాయి. టర్బైన్ బ్లేళ్లని సాన పట్టినట్టు అరగదీస్తాయి. అందుకే బురద ఒక స్థాయి దాటితే యంత్రాలు ఆపేస్తారు. ఆపితే సొరంగంలోకి పోవాల్సిన నీళ్లు కూడా ఏట్లోకే రావాలి. అంటే వరద ఉన్నప్పుడే కింద ఏటికి ఇంకొంత కలుస్తుంది.

పవర్‌హౌస్ ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది, ఉండక తప్పదు. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. కట్టింది 19 లక్షలకి. పూర్తిమట్టం 885 అడుగులైతే 896 దాటింది. కుడిగట్టు పవర్‌హౌస్‌లోకి నీళ్లు పోయి యంత్రాలు మునిగాయి. డ్యామ్ మాత్రం కదల్లేదు.

సింగరాయకొండ టీచర్ – సోమవారం, ఉదయం 7:02

బాబాయిగారూ, మా పిల్లలకి పాఠం చెప్పడానికి దాచుకుంటున్నాను ఇది.

కావలి తమ్ముడూ, చమోలీ గురించి గిత్త గారు చెప్పారు కదా, అది వాన వరద కాదు. ఫిబ్రవరి, చలికాలం, ఉదయం పదిన్నర. ఆకాశంలో మబ్బు లేదు. రోంటి అనే శిఖరం వాలు నుంచి రాయీ మంచూ కలిపి సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల ముక్క విరిగి లోయలో పడింది. అందులో ఎక్కువ భాగం రాయే. పడే రాపిడికి మంచు కరిగి బురద ప్రవాహమైంది. రిషిగంగ మీద 13.2 మెగావాట్ల చిన్న కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. కింద కడుతున్న 520 మెగావాట్ల తపోవన్ ప్రాజెక్టు సొరంగం బురదతో పూడిపోయింది. అక్కడ పోయినవాళ్లలో ఎక్కువమంది పనివాళ్లే.

సిక్కింది వేరే కథ. 2023 అక్టోబర్ 3 రాత్రి దక్షిణ ల్హోనాక్ అనే హిమానీనద సరస్సులోకి పక్క గట్టు జారి పడింది. అల లేచి సరస్సు కట్ట తెగింది. చుంగ్‌థాంగ్ దగ్గర 1200 మెగావాట్ల తీస్తా-3 డ్యామ్ దాని దారిలో ఉంది. 60 మీటర్ల ఎత్తు డ్యామ్ పోయింది.

ఒంగోలు గిత్త – సోమవారం, ఉదయం 7:30

చూశారా. నేను చెప్పింది అదే కదా. 1200 మెగావాట్ల డ్యామే ఆగలేదు.

పాత లష్కర్ – సోమవారం, ఉదయం 11:48

గిత్త నాయనా, మెగావాట్లు వరదని ఆపవు. గేట్లు ఆపుతాయి. ఆపడం కూడా కాదు, దారి ఇస్తాయి. సిక్కింలో గేట్లు టయానికి లేవలేదు. నీళ్లు కట్ట మీదెక్కాయి. అది రాళ్లు పేర్చి మీద కాంక్రీటు పలక వేసిన కట్ట. అలాంటి కట్ట మీద నుంచి నీళ్లు పొర్లితే కాసేపట్లో కోసుకుపోతుంది. మట్టి కట్టా అంతే. శ్రీశైలం నిలబడిందంటే అది బరువుతో నిలిచే కట్టడం కాబట్టి. మీద నుంచి పోయినా ఓర్చుకుంటుంది.

నేను ఈ జిల్లాలోనే ఒక రిజర్వాయర్ మీద గేట్ల దగ్గర పనిచేశాను. ఏదో చెప్పను. ఒక తుపాను రాత్రి వైర్‌లెస్‌లో చెప్పారు, పైన వాన దంచుతోంది, తెల్లారుజామున నీళ్లు దిగుతాయని. కరెంటు పోయింది. సరే, జనరేటర్ ఉందిగా అని షెడ్డు తాళం తీశాం. స్టార్ట్ కాలేదు. లాగ్‌బుక్కు చూస్తే ప్రతి వారం నడిపినట్టు సంతకాలున్నాయి, ముద్దుగా, వరసగా. ట్యాంకు మూత తీసి టార్చ్ వేసి చూస్తే డీజిల్ లేదు. అడుగున తుప్పు.

ఆరుగురం కలిసి చేత్తో తిప్పాం. గేటు జానెడు లేవడానికి ఎంతసేపు పట్టిందో నా భుజానికి ఇప్పటికీ గుర్తుంది. మా అదృష్టం బాగుండి నీళ్లు ఆలస్యంగా దిగాయి. అంతే. మా తెలివి ఏమీ లేదు అందులో.

పెన్న గట్టు – సోమవారం, మధ్యాహ్నం 12:10

లష్కరన్నా, నువ్వు చెప్పేది వింటే గుండ్లకమ్మ గుర్తొస్తోంది.

పాత లష్కర్ – సోమవారం, మధ్యాహ్నం 12:34

గుర్తు రాకుండా ఎలా. మల్లవరం దగ్గర గుండ్లకమ్మకి 2008లో నీళ్లు నిలబెట్టారు. 2022 ఆగస్టు 31 రాత్రి మూడో గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి రెండోది పోయింది. కట్టి పాతికేళ్లు కూడా కాలేదు. రెండుసార్లూ రైతుల నీళ్లు సముద్రం పాలు. తుంగభద్రలో 2024 ఆగస్టులో 19వ గేటు గొలుసు తెగింది. గేటు అంటే కొన్నాక మర్చిపోయే వస్తువు కాదు. గ్రీజు, తాడు, గొలుసు, రబ్బరు, రంగు, అన్నీ ఏటేటా చూడాలి. కొత్త ప్రాజెక్టు శంకుస్థాపనకి వచ్చినంతమంది జనం గ్రీజు డబ్బా కొనడానికి రారు.

కావలి కుర్రోడు – సోమవారం, మధ్యాహ్నం 1:05

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. చదువుతుంటే టెన్షన్ పెరిగింది, నిజం చెప్పాలంటే. ఒక డౌటు. సోమశిలకి ఐదు లక్షల క్యూసెక్కులు వచ్చినా డ్యామ్ నిలబడింది. అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. అదే వాన కదా రెండిటికీ?

కరెంటు బాబాయి – సోమవారం, సాయంత్రం 5:20

మంచి ప్రశ్న వేశావు నాయనా. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకో. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు.

లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే దాదాపు 8.6 టీఎంసీలు. ఐదు లక్షలైతే 43. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. అంటే పూర్తిగా ఖాళీగా ఉన్నా రెండు రోజులు తిరక్కుండా నిండిపోతుంది. ఆ రోజు ఖాళీగా లేదు కూడా. కాబట్టి పైనుంచి వచ్చినదాన్ని దాదాపు అలాగే కిందికి పంపారు, పెన్న గట్టు వాళ్ల చేను మీదికి వచ్చింది అదే.

ఇప్పుడు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు. దాని సామర్థ్యం రెండు టీఎంసీల పైచిలుకు. నవంబర్ 19 తెల్లవారుజామున దానిమీదికి మూడు లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చాయి. ఆ లెక్కన ఖాళీ చెరువు కూడా రెండు గంటల్లో నిండుతుంది. పైనున్న పింఛా కట్ట కూడా తెగి ఆ నీళ్లూ తోడయ్యాయి. ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. అన్ని గేట్లూ లేచినా బయటికి పోగలిగింది రెండు లక్షల చిల్లరే. మిగతావి మట్టికట్ట మీదెక్కాయి. పులపత్తూరు, మందపల్లి ఊళ్లు ఏమయ్యాయో అందరం చూశాం.

అసలు విషయం ఇది. సిక్కిం సరస్సు నుంచి ఆ రాత్రి దిగింది సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో రెండు టీఎంసీలు కూడా కాదు! మన కండలేరు రిజర్వాయర్‌లో అంత తగ్గితే గట్టు మీద నిలబడి చూసేవాడికి తెలియను కూడా తెలియదు. అదే నీళ్లు ఇరుకు లోయలో కొన్ని గంటల్లో దిగితే 1200 మెగావాట్ల ప్రాజెక్టు పోయింది. ఎన్ని నీళ్లు అని అడగకూడదు. ఎంతసేపట్లో, ఎన్ని గంటల ముందు చెప్పారు, అప్పటికి గేటు ఎంత లేచింది అని అడగాలి.

ఒంగోలు గిత్త – సోమవారం, సాయంత్రం 6:02

బాబాయి గారు గౌరవంగా చెబుతున్నా, మీరు అన్నీ గేటు మీదికే తోస్తున్నారు. 2013లో కేదార్‌నాథ్ వరదల్లో విష్ణుప్రయాగ 400 మెగావాట్ల ప్రాజెక్టు బ్యారేజీ బండరాళ్లతో పూడిపోయింది. గేటు ఎత్తినా బండరాయి పోతుందా? ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఉత్తరాఖండ్‌లో కొత్త ప్రాజెక్టులు ఆపమంది, కమిటీ వేయమంది. ఊరికే అంటుందా?

కరెంటు బాబాయి – సోమవారం, సాయంత్రం 6:40

అనదు. నువ్వు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. కొన్ని లోయల్లో కట్టకూడదు. నా సర్వీసులో ఉన్నప్పుడు ఇలా అనడానికి నోరు వచ్చేది కాదు, ఇప్పుడు పెన్షన్ వస్తోంది కాబట్టి అంటున్నాను. కానీ డ్యాములన్నీ వరదని పెంచుతాయన్నది మాత్రం ఒప్పుకోను. 2009లో శ్రీశైలానికి 25 లక్షలు వస్తే విజయవాడ ప్రకాశం బ్యారేజీకి చేరింది 11 లక్షలు. మధ్యలో శ్రీశైలం, సాగర్ కలిసి ఆ వరద నడుం విరిచాయి. అయితే కర్నూలు మునిగింది, అదీ నిజమే.

ఇందులో ఇంకో చిక్కుంది. కరెంటు కావాలన్నా, సాగునీరు కావాలన్నా డ్యామ్ నిండుగా ఉండాలి. వరద పట్టాలంటే ఖాళీగా ఉండాలి. అక్టోబర్, నవంబర్‌లో మన తుపాన్లు వచ్చేసరికి రిజర్వాయర్లన్నీ నిండి ఉంటాయి. ముందుగా ఖాళీ చేసి, తీరా వాన పడకపోతే? నీళ్లు వృథా చేశాడని ఆ ఇంజనీర్ని బజారుకి ఈడుస్తారు. అందుకే చివరి నిమిషం దాకా చూస్తారు. ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది.

పెన్న గట్టు – సోమవారం, సాయంత్రం 6:55

కుర్చీ కింద ఉన్నోళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది బాబాయ్.

అడ్మిన్ – సోమవారం, రాత్రి 8:00

ఏ ప్రభుత్వంలో ఏ ఇంజనీర్ తప్పు చేశాడన్న పోస్టులు మూడు తీసేశాను. అడిగింది ఒక అన్న, తమ్ముడి కోసం. దాని మీద ఉండండి.

ఉదయగిరి కొండ – మంగళవారం, రాత్రి 12:25

నిద్ర పట్టక చూస్తున్నా, ఈ చర్చ కనపడింది. నేను పొక్లెయిన్ ఆపరేటర్ని. ఉత్తరాఖండ్‌లో ఒక ప్రాజెక్టు సైట్‌లో పదహారు నెలలు చేశాను. మన ఉదయగిరి, దుత్తలూరు వైపు నుంచి ఏడుగురం వెళ్లాం.

అక్కడ రాత్రుళ్లు నాకు అలవాటు కాని సంగతి ఏటి చప్పుడు. మన ఏర్లు మౌనంగా ఉంటాయి, అక్కడ ఇరవై నాలుగ్గంటలూ రోదే. అందుకే వరద వస్తే చప్పుడుతో తెలుస్తుందనుకోవద్దు. మాతో పనిచేసిన ఒక గఢ్వాలీ తాత చెప్పేవాడు, చప్పుడు పెరిగితే కాదు, ఉన్నట్టుండి తగ్గితే పరుగెత్తమని. పైన ఎక్కడో కొండచరియ పడి ఏటికి అడ్డం కట్టిందని అర్థం. ఆ అడ్డం తెగినప్పుడు వస్తుంది అసలుది. మట్టి వాసన కూడా చూడమనేవాడు.

మా క్యాంపు మొదట ఏటి పక్కనే, ఇసుక చదును చేసిన మిట్ట మీద వేశారు. నీళ్లకి దగ్గర, రోడ్డుకి దగ్గర, అందరికీ సుఖం. ఆ చదును ఎలా వచ్చింది? పాత వరద పరిచి పోయిందే కదా. మేం ఏడుగురం గొడవ చేసి పైకి మారాం. రోజూ ఇరవై నిమిషాలు మెట్లెక్కాలి. ఉన్నన్నాళ్లు వరద రాలేదు. మోకాళ్లు మాత్రం పోయాయి.

చమోలీ అప్పుడు ఒక తల్లి సంగతి పేపర్లలో వచ్చింది. పై ఊళ్లో ఉన్న ఆమెకి వరద దిగడం కనపడింది. తపోవన్‌లో పనిచేస్తున్న కొడుక్కి ఫోన్ చేస్తూనే ఉంది, పరుగెత్తమని. అతను మొదట నమ్మలేదు. తర్వాత తనతో ఉన్న పాతికమందిని తీసుకుని పైకి ఎక్కాడు, బతికారు.

సింగరాయకొండ టీచర్ – మంగళవారం, ఉదయం 6:30

కొండ గారూ, ఒళ్లు జలదరించింది.

నాది ఇంకో మాట. పనిలో ఉన్నప్పుడే కాదు, సెలవు రోజు కూడా జాగ్రత్త చెప్పాలి. 2014 జూన్ 8న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు గుర్తుందా? అది వాన వరద కాదు. పైన లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లు. ఏరు మోకాలి లోతు ఉంది కదా అని రాళ్ల మీదికి వెళ్లి ఫొటోలు దిగుతున్నారు.

కరెంటు బాబాయి – మంగళవారం, ఉదయం 7:10

అవునమ్మా. జలవిద్యుత్ డ్యామ్ కింద ఏరు ఎప్పుడూ నమ్మదగింది కాదు. పైనుంచి గ్రిడ్ వాళ్లు ఉత్పత్తి తగ్గించమంటే యంత్రం ఆపాలి, అప్పుడు నీళ్లు గేట్ల నుంచి పోతాయి. ఎండ కాస్తుంటుంది, ఏరు లేస్తుంది. అదే లార్జి 126 మెగావాట్ల పవర్‌హౌస్ 2023 జులై వరదల్లో మునిగి నెలల తరబడి ఆగిపోయింది. నీళ్లు వదిలినవాళ్లనీ నీళ్లు వదల్లేదు.

కావలి అబ్బాయీ, మీ తమ్ముడు వెళ్లొద్దని నేననను, వెళ్లమనీ అనను. చేరేముందు నాలుగు విషయాలు ఫోన్ చేసి అడగమను. క్యాంపు ఏటి మట్టానికి ఎంత ఎత్తులో ఉంది. పై లోయలో మనిషో, నీటిమట్టం చూసే పరికరమో ఉందా, దాని కబురు క్యాంపుకి ఎలా వస్తుంది. సైరన్ ఎక్కడుంది, కిందటిసారి ఎప్పుడు మోగించి చూశారు. సొరంగంలో పనిచేసేవాళ్లకి ఆ సైరన్ ఎలా వినపడుతుంది. ఈ చివరిదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోతే ఆలోచించుకోవాల్సిందే. 2021లో డ్యామ్ భద్రతా చట్టం వచ్చింది. వానలకు ముందూ తర్వాతా తనిఖీలు చేయాలని, అత్యవసర ప్రణాళిక ఉండాలని అందులో ఉంది. కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఒంగోలు గిత్త – మంగళవారం, ఉదయం 8:15

నేను వద్దనే అంటాను. కానీ వెళ్తే మాత్రం బాబాయి గారి ప్రశ్నలు అడిగే వెళ్లమను. కొండ గారూ, మీ మోకాళ్లకి ఒంగోలులో మంచి డాక్టర్ ఉన్నారు, మెసేజ్ పెడతా.

కావలి కుర్రోడు – ఏడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:05

అందరికీ బాకీ ఉన్నాను, ఆలస్యమైంది. తమ్ముడు వెళ్లాడు. చేరేముందు ప్రశ్నలన్నీ అడిగాడు. అవతలివాళ్లు మొదట నవ్వారట, తర్వాత సేఫ్టీ ఆయనకి కలిపారట. సైరన్ ఉంది. సొరంగంలో లైట్లు ఎర్రగా వెలుగుతాయి, లోపల హారన్ కూడా ఉందట. రూము మాత్రం ఏటి పక్కనే ఇచ్చారు. కొండ అన్న చెప్పినట్టు ఇసుక మిట్ట మీద! వీడు, ఇంకో ఇద్దరు ఒరియా కుర్రాళ్లు కలిసి పైన ఊళ్లో గది అద్దెకి తీసుకున్నారు. నెలకి మూడు వేలు సొంత డబ్బు పోతోంది. అమ్మ ఆ మూడు వేలు నేను పంపిస్తానంది.

రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్. మొదటి మాట "ఏటి చప్పుడు ఎట్లా ఉందిరా?" అని. తిన్నావా అన్నది రెండోది.

పాత లష్కర్ – శనివారం, రాత్రి 10:31

సంతోషం. జనరేటర్ సంగతి అడిగాడా?

కావలి కుర్రోడు – శనివారం, రాత్రి 10:40

అడిగాడు తాతా. ప్రతి శనివారం నడిపి చూస్తారట. లాగ్‌బుక్కు కూడా చూపించారట, అన్ని వారాలకీ సంతకాలున్నాయట.

పాత లష్కర్ – శనివారం, రాత్రి 10:44

పుస్తకం మూసేసి ట్యాంకు మూత తీసి చూడమను.